సలహాలమ్మకు సబ్సిడీ

ఊళ్ళో ఆవిడను అందరూ సలహాలమ్మ అనేవారు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం ఎవరికుంది! అయినా ఆవిడకు తెలుసు. తెలిసి, అదేదో బిరుదనుకుని లోలోపల మురిసిపోయేది. అడిగినవాళ్ళకు సలహా చెప్పడం ఎవరైనా చేస్తారు. అడగనివాళ్ళను వెతికి పట్టుకుని, చేతిలో పని ఆపించి, చెప్పాల్సింది చెప్పి పంపించడం ఆవిడ ఒక్కదానికే చేతనైన విద్య. పక్క చేను బీన్సు రైతు ఆవిడ కంటపడకుండా తన చేలోకి చుట్టుదారిన వెళ్ళేవాడు. ఏళ్ళ తరబడి అలా నడిచి నడిచి ఆ చుట్టుదారి ఇప్పుడు బండి పట్టేంత వెడల్పయింది.

అలాంటి మనిషికి ప్రభుత్వం, నోరు మూసుకుంటే డబ్బులిస్తానంది.

మాట సరిగ్గా అలాగే అనలేదు గాని, అసలు అర్థం మాత్రం అదే. వయసు మళ్ళిన రైతులు పొలం పెత్తనం పిల్లల చేతికిచ్చి పక్కకు తప్పుకుంటే వాళ్ళకొక సబ్సిడీ, ఆ పెత్తనం నెత్తికెత్తుకున్న పిల్లలకు ఇంకో సబ్సిడీ. పడుచువాళ్ళు సేద్యంలోకి రావాలని ఏలినవారికి కోరిక పుట్టింది. నెల జీతం వచ్చేవాళ్ళు దానికి పనికిరారు. సలహాలమ్మ కొడుకు బస్సు డిపోలో మెకానిక్కు, పైగా ఉల్లి పూత వచ్చిందంటే తుమ్ములతో ఇల్లు ఎగరగొట్టే రకం. ఇక మిగిలింది కోడలు.

కోడలు పెళ్ళికి ముందు పట్నంలో చెప్పుల షాపులో పనిచేసింది. మనిషిని చూడగానే కాళ్ళ వైపు చూసి కొలత చెప్పేయగలదు. మొక్కను చూసి మాత్రం ఏమీ చెప్పలేదని అత్తగారి గట్టి నమ్మకం.

అయినా ఒప్పుకోక తప్పలేదు. పొలంలో మోటారు ముసలిదైపోయింది. ఒకరోజు నడిస్తే రెండ్రోజులు మూలుగుతుంది. వచ్చే ఎండాకాలానికి కొత్తది రాకపోతే పంట మాట మర్చిపోవాల్సిందే. ఆ సంగతి పసిగట్టిన కూరగాయల కంపెనీవాళ్ళు పొలం కౌలుకిమ్మని అప్పుడే ఇద్దరు మనుషుల్ని పంపారు. వాళ్ళు ఇంటి గుమ్మంలో నిలబడి నవ్విన నవ్వు సలహాలమ్మకు ఇప్పటికీ ఒళ్ళు మండిస్తుంది. తన చేతుల మీదుగా సాగైన నేల, పేరు తెలియని కంపెనీ ట్రాక్టర్ల కిందకి పోవడం ఆవిడ ప్రాణం ఉండగా చూడలేదు. సబ్సిడీ వస్తే మోటారు వస్తుంది, మోటారు వస్తే పొలం నిలుస్తుంది. అందుకని కొడుకునీ కోడల్నీ వెంటబెట్టుకుని సబ్సిడీ ఆఫీసుకు బయల్దేరింది.

ఆఫీసులో నేలకు బిగించిన కుర్చీలు, అద్దం వెనకాల గుమాస్తా అమ్మాయి, అద్దం పక్కన కుండీలో ఒక మొక్క. గుమాస్తా షరతులు చదివి వినిపించింది. పెద్దావిడ ఇకమీదట పొలం విషయంలో నిర్ణయాలు తీసుకోకూడదు, ఆదేశాలు ఇవ్వకూడదు, సూచనలు కూడా చేయకూడదు. పంట చేతికొచ్చే ముందు తనిఖీ ఆఫీసరు వస్తాడు. పెత్తనం ఇంకా పెద్దావిడదే అని తేలితే ఇద్దరి సబ్సిడీలూ రద్దు.

"సూచన అంటే ఏంటమ్మాయ్?" అంది సలహాలమ్మ.

"సలహా అండీ."

వెనక వరసలో నిలబడ్డ ఊరివాళ్ళు ఒక్కసారిగా దగ్గు తెచ్చుకున్నారు. కోడలు తల వంచుకుని గుమాస్తా కాళ్ళ కొలత అంచనా వేస్తున్నట్టు నేల చూసింది. కొడుకు సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

సలహాలమ్మ సంతకం పెట్టింది. కలం కింద పెట్టీ పెట్టకముందే అద్దం వైపు వంగి, "ఆ కుండీకి అన్ని నీళ్ళు పోయకమ్మా, వేళ్ళు కుళ్ళిపోతాయి. కింద చిల్లి ఉందో లేదో చూశావా?" అంది.

"అమ్మా!" అన్నాడు కొడుకు.

"ఇది పొలం కాదుగా, కుండీయేగా," అంది ఆవిడ. చట్టం చదివినవాళ్ళలా లొసుగు పట్టుకోవడం ఆవిడకు అప్పుడే వచ్చేసింది.

మొదటి వారం నోటికి తాళం వేసుకుంది. పొలంలోకి వెళ్తే నోరు ఆగదని తనకు తెలుసు గనక ఇంటి గడప దాటలేదు. వంటింటి కిటికీలోంచి పొలం దాదాపు మొత్తం కనిపిస్తుంది, పనిముట్ల షెడ్డు వెనకనున్న చిన్న నేల చెక్క ఒక్కటి తప్ప. ఆ కిటికీ దగ్గర పీట వేసుకుని కూర్చునేది. కోడలు ఉల్లి నారు నాటుతుంటే చూసింది. మరీ దగ్గర దగ్గరగా నాటుతోంది! లేచి రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. కూర్చుంది. మళ్ళీ లేచింది. మాట గొంతులో అడ్డుపడి అన్నం కూడా దిగలేదు.

మర్నాడు ఉపాయం దొరికింది. పెరట్లో మేక ఉంది.

"ఒసేయ్, విన్నావా?" అంది సలహాలమ్మ, కోడలు బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే, మేక చెవి దగ్గరకు వంగి, ఊరంతా వినబడేలా. "ఉల్లి నారు నాటేటప్పుడు మధ్యలో బెత్తెడు ఎడం లేకపోతే గడ్డ ఊరదే. నీకు చెప్పి లాభమేముంది, నీకు తినడమే తెలుసు."

మేక ఆవిడ చీర కొంగు నమిలింది. కోడలు కాళ్ళు కడుక్కోవడం ఆపి చెవి ఒగ్గింది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు నాటిన వరసలు కాస్త ఎడంగా ఉన్నాయి. సలహాలమ్మ మేకకు బెల్లం ముక్క పెట్టింది.

అక్కడి నుంచి ఆ ఇంట్లో వ్యవసాయమంతా మేక మీదుగా నడిచింది. ఎరువు ఎప్పుడు వేయాలో మేకకు చెప్పేది. కలుపు ఎలా తీయాలో మేకకు చెప్పేది. కోడలు కూడా తక్కువ తిన్నది కాదు. మేకకు మేత వేస్తూ, "మీ పెద్దమ్మగారికి చెప్పవే, ఆ వరస కలుపు నిన్ననే అయిపోయిందని," అనేది. కొడుకు డిపో నుంచి వచ్చి, పెళ్ళామూ తల్లీ చెరోవైపు నుంచి మేకతో మాట్లాడుతుంటే, కాసేపు గుమ్మంలో నిలబడి, ఇంట్లో తనొక్కడికే మతి స్థిమితంగా ఉందా, తనొక్కడికే లేదా అని తేల్చుకోలేక లోపలికి పోయి పడుకునేవాడు.

ఒకరోజు మాత్రం ఇబ్బంది వచ్చిపడింది. పడమట మబ్బు చూసి సలహాలమ్మ, "ఇవాళ తడి పెట్టొద్దే, సాయంత్రానికి వాన కుమ్మేస్తుంది," అని మేకకు గట్టిగా చెప్పింది. కోడలు ఆకాశం వైపు చూసింది, మోటారు వైపు చూసింది, వెళ్ళి తడి పెట్టేసింది. ఆ రోజు వాన రాలేదు. ఆ వారమంతా రాలేదు. పక్క చేలో బీన్సు వాడిపోయి తల వేలాడేశాయి, ఈ ఉల్లి మాత్రం నిటారుగా నిలబడింది.

"మేక సరిగ్గా వినలేదు," అంది సలహాలమ్మ రాత్రి భోజనాల దగ్గర, ఎవరూ అడక్కుండానే. "నేనన్నది వచ్చే వారం సంగతి."

"అవునత్తయ్యా," అంది కోడలు, ముద్ద మింగుతూ. మొహంలో నవ్వు లేకుండా అంది గాని, కళ్ళు మాత్రం ఊరుకోలేదు.

ఉల్లి బాగానే వచ్చింది. అదే ఆవిడ బాధ. పంట పాడైతే లోకమంతా తన దగ్గరకు పరిగెత్తుకొస్తుందని ఎక్కడో ఒక మూల ఆశ ఉండేది. ఎవరూ రాలేదు. కోడలు పొద్దున్నే వెళ్ళేది, మధ్యాహ్నం షెడ్డు వెనకాల ఏదో తవ్వుకునేది, సాయంత్రం మట్టి చేతులతో నవ్వుకుంటూ వచ్చేది. కిటికీ దగ్గర పీట మీద కూర్చున్న మనిషికి, తను లేకపోయినా సూర్యుడు పొడుస్తున్నాడనీ నారు పెరుగుతోందనీ తెలిసొచ్చింది. ఇది చేదుగా ఉంది. ఇంకో భయం కూడా ఉంది, అది ఇంకా చేదు. ఈ పిల్ల పట్నం పిల్ల. సబ్సిడీ చేతికి రాగానే, రెండేళ్ళు చేసి విసిగిపోయి, పొలాన్ని ఆ నవ్వే కంపెనీవాళ్ళకు రాసిచ్చేసి మళ్ళీ చెప్పులు అమ్ముకోవడానికి వెళ్ళిపోతే? అడగాలనిపించేది. కాని అడగడం ఆవిడకు చేతకాదు. పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ ఏదీ అడిగి ఎరగదు.

తనిఖీ ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. కొడుకు తల్లిని కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"ఆయనేం అడిగినా ఒకటే మాట అమ్మా. 'నాకు తెలీదు, మా కోడల్ని అడగండి.' అంతే. ఏదీ, ఒకసారి అను?"

"నాకు..." అంది సలహాలమ్మ. ఆగింది. "ఏం అడుగుతాడంట?"

"ఏం అడిగినా సరే."

"నాకు తెల్... అదేంట్రా, నాకు తెలిసినవి అడిగితే?"

"తెలిసినా తెలీదనాలి."

ఆవిడ మొహం మాడ్చుకుని అద్దం ముందుకు వెళ్ళింది. ఎన్నిసార్లు అన్నా ఆ మాట నోట్లో వేడి దుంప పెట్టుకుని పలికినట్టే వచ్చింది. చివరికి మేక ముందు కూర్చుని సాధన చేసింది. ఎవరికీ ఏ ప్రశ్నకూ తెలీదని చెప్పి ఎరగని మనిషికి ఆ మూడక్షరాలు ఎంత కష్టమో, అలవాటున్న మనలాంటివాళ్ళకు అర్థం కాదు.

ఆఫీసరు కుర్రవాడు. చేతిలో పలకంత కంప్యూటరు, కాళ్ళకు కొత్త బూట్లు. గేటు దగ్గరే కొడుకు ఎదురయ్యాడు.

"మీ అమ్మగారు పొలం సంగతులు మీ ఆవిడతో మాట్లాడతారా?"

"అబ్బే, ఎప్పుడూ లేదండీ," అన్నాడు కొడుకు. అక్కడితో ఆగితే బాగుండేది. "మేకతో మాట్లాడుతుందండీ."

ఆఫీసరు పలక మీద ఏదో రాసుకున్నాడు.

రూలు ప్రకారం ముందు తప్పుకున్న పెద్దావిడను విడిగా ప్రశ్నించాలి. కోడల్ని ముందు గదిలో కూర్చోబెట్టి, ఆఫీసరు వంటింట్లో బల్ల ముందు సర్దుకున్నాడు. సలహాలమ్మ తన పీట మీద, కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. పొలం కనిపిస్తే నోరు జారుతుందని ముందుజాగ్రత్త.

"ఉల్లి ఎప్పుడు నాటారమ్మా ఈసారి?"

ఆవిడకు వారం, పూట, గాలి ఏ వైపు నుంచి వీచిందీ అన్నీ తెలుసు. పళ్ళు బిగించింది. "నాకు తెలీదు నాయనా. మా కోడల్ని అడుగు."

"ఎరువు ఏం వేశారు?"

"నాకు తెలీదు. కోడల్ని అడుగు."

"మోటారు పాడైందటగా, ఏమైంది దానికి?"

మోటారు జబ్బు గురించి ఆవిడ ఒక పూట ఉపన్యాసం ఇవ్వగలదు. గొంతులో మాటలు గుంపుగా వచ్చి తలుపు తట్టాయి. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "తెలీదు," అంది.

కుర్రాడు పలక పక్కన పెట్టేశాడు. నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, అలసిపోయిన నవ్వు.

"మామ్మగారూ, ఈ నెలంతా నేను ఇలాంటి వంటిళ్ళలోనే తిరుగుతున్నాను. ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. అందరూ తెలీదంటారు, అందరి మొహం మీదా తెలుసని రాసుంటుంది. మీ మొహం మీద మరీ పెద్ద అక్షరాలతో ఉంది. పైగా మేక సంగతొకటి. నేనేం రాయమంటారు?"

ఇక అయిపోయిందనుకుంది సలహాలమ్మ. మోటారు పోయింది. పొలం పోయింది. తన నోటి మూలంగానే పోయింది. అంతగా మూసుకున్నా, మూసుకున్న తీరే పట్టిచ్చేసింది. ఏడుపు వచ్చినంత పనైంది. ఆవిడ ఏడ్చి ఎన్నేళ్ళో అయింది.

"ఒకసారి పొలం చూద్దాం రండి," అన్నాడు ఆఫీసరు లేస్తూ. "ఊరికే రాసేయడం నాకూ ఇష్టం లేదు."

సంతకం పెట్టిన నాటి నుంచి ఆవిడ పొలంలో కాలు పెట్టడం అదే మొదలు. ఉల్లి వరసల మధ్య నడుస్తూ అటూ ఇటూ చూడకుండా ఆఫీసరు బూట్ల మడమలే చూసుకుంటూ నడిచింది. ఆయన ఏమీ అడగలేదు. గట్టు వెంట వెళ్ళి, షెడ్డు దాటి, వెనక చెక్కలోకి తిరిగాడు. అక్కడ ఆగాడు.

"ఇదేంటమ్మా?"

సలహాలమ్మ తల ఎత్తింది.

చెక్కంతా పొడుగాటి కాలువలు, కాలువల్లో సగం పూడ్చిన మట్టి, అందులోంచి సన్నటి ఆకుపచ్చ నురుగులాగా లేచిన మొక్కలు. సోంపు అనుకుంది. వంగి ఆకు నలిపి వాసన చూసింది. సోంపు కాదు. కలుపా? కలుపు ఇంత వరసగా మొలవదు. ఇంకోటి నలిపింది. మట్టి వేలితో తవ్వి మొదలు చూసింది. ఆ నేలలో ఆవిడకు పేరు తెలియని మొక్క ఇంతవరకు మొలవలేదు. ప్రతి గడ్డిపోచనూ పేరు పెట్టి తిట్టగలదు. నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"నాకు తెలీదు," అంది.

ఈసారి ఆ మాట వేడి దుంపలా రాలేదు. చాలా చిన్నగా వచ్చింది. తన పొలంలో తను పరాయిదైపోయినట్టు, దారిన పోతూ ఆగి చూసే మనిషిలా నిలబడిపోయింది.

ఆఫీసరు ఆవిడ మొహం వైపు చూశాడు. నెలంతా తిరిగి తిరిగి అబద్ధపు తెలీదులు విన్నవాడు గనక, నిజమైనది ఎదురైతే ఇట్టే గుర్తుపట్టాడు. కోడల్ని పిలిస్తే వెనకాలే కొడుకూ వచ్చాడు. ఆఫీసరు కోడల్ని విడిగా పక్కకు తీసుకెళ్ళి మొక్క పేరు అడిగాడు, ఎందుకు వేసిందీ అడిగాడు. కోడలు తడుముకోకుండా చెప్పింది. ఆయన పలక మీద వేలితో నాలుగు చోట్ల నొక్కి, "అయిపోయిందండీ. డబ్బులు వచ్చే నెల్లో ఇద్దరికీ పడతాయి," అన్నాడు. గట్టు ఎక్కి వెనక్కి తిరిగి, "మేక సంగతి నేను రాయలేదులెండి. పశువులతో సంప్రదింపులకు మా దగ్గర గడి లేదు," అని వెళ్ళిపోయాడు.

కొడుకు అక్కడే గాల్లోకి ఎగిరి గంతేశాడు. కోడలు మాత్రం అత్తగారి వైపే చూస్తోంది, తిట్లు ఎక్కణ్ణుంచి మొదలవుతాయా అని.

"ఏంటిది?" అంది సలహాలమ్మ.

"ఆస్పరాగస్ అత్తయ్యా. మొలకలు లేతగా ఉండగా కోసి కూరకు అమ్ముతారు. పట్నంలో మంచి గిరాకీ." కోడలు చేతులు కొంగుకు తుడుచుకుంది. "మీకు చెప్పకపోవడం తప్పే. చెప్తే మీరు మేకకి చెప్తారు, మేక నాకు చెప్తుంది, చివరికి అదీ మీ పంటే అయిపోతుంది. ఒక్కటైనా నా అంతట నేను ఎంచుకుందామని..."

"ఎప్పుడు కోతకొస్తుంది?"

"మొదటి కోతకి మూడేళ్ళు పడుతుంది."

"మూడేళ్ళా!"

"ఒకసారి పట్టిందంటే మళ్ళీ నాటక్కర్లేదత్తయ్యా. పదిహేను, ఇరవై ఏళ్ళు అలా వస్తూనే ఉంటుంది."

సలహాలమ్మ ఆ కాలువల వైపు చూసింది. కంపెనీవాళ్ళకు రాసిచ్చి పోదామనుకునే మనిషి మూడేళ్ళ పంట వేయదు. ఇరవై ఏళ్ళ పంట అసలే వేయదు. ఇన్నాళ్ళూ కిటికీ దగ్గర కూర్చుని అడగలేక కుమిలిపోయిన ప్రశ్నకు జవాబు షెడ్డు వెనకాల ఆకు వేసి నిలబడి ఉంది. ఆవిడకు ఎంత సంతోషమేసిందంటే, ఆ సంతోషానికి కోపం కూడా వచ్చింది.

"నేనీ వయసులో ఉండగా మూడేళ్ళ పంట వేశావా? నేను తినొద్దనా?"

"మీరుంటారనే వేశాను," అంది కోడలు. "మీరు లేకపోతే నేను చేసిందంతా తప్పని ఎవరు చెప్తారు?"

కొడుకు నవ్వాడు. సలహాలమ్మ నవ్వలేదు. మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ, నెమ్మదిగా గట్టు మీద చతికిలబడింది. ఒక మొక్క మొదట్లో మట్టిని వేళ్ళతో సర్దబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. దాన్ని ఎటు సర్దాలో ఆవిడకు తెలీదు మరి.

"కాలువ సగమే పూడ్చావెందుకు?" అంది. "దీన్ని ఎలా పెంచుతారు? చెప్పు."

కోడలు వచ్చి పక్కన కూర్చుంది. వేళ్ళ గురించి చెప్పింది. మొక్క ఎదిగే కొద్దీ మట్టి ఎలా ఎగదోయాలో చెప్పింది, మొదటి రెండేళ్ళు ఒక్క మొలక కూడా ఎందుకు కోయకూడదో చెప్పింది, నీళ్ళు ఎంత పెట్టాలో చెప్పింది. పొద్దు వాలేదాకా చెప్పింది. అంతసేపట్లో సలహాలమ్మ ఒక్కసారే మధ్యలో అడ్డుపడింది, అదీ ఇంకో ప్రశ్న అడగడానికి.